సినిమా చూసి వచ్చి మనం చెప్పే మాటలు: ఎడిటర్ కుర్చీ నుంచి అపోహలు, వాస్తవాలు

"బొమ్మ ఎలా ఉంది?" అని అడిగితే మన తెలుగువాళ్ళు మొహమాటపడరు. థియేటర్ మెట్లు దిగుతూనే తీర్పు చెప్పేస్తారు. నేను హైదరాబాద్‌లో తెలుగు సినిమాలకు ఎడిటర్‌గా పనిచేస్తాను కాబట్టి ఆ తీర్పులు వినడం నా పనిలో భాగం. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, మంగలి షాపులో కూడా చెవి అటే వేసి ఉంచుతాను. విన్నకొద్దీ నాకు గట్టిపడిన నమ్మకం ఒకటుంది. ప్రేక్షకుడు తనకు ఏమనిపించిందో చెప్పినప్పుడు దాదాపు ఎప్పుడూ నిజమే చెబుతాడు. ఎందుకు అనిపించిందో చెప్పబోయినప్పుడే దారి తప్పుతాడు. కడుపునొప్పి అని వచ్చిన రోగి మాట డాక్టరు నమ్ముతాడు, "అపెండిక్స్ తీసేయండి" అంటే మాత్రం ఒకసారి పరీక్ష చేయిస్తాడు.

అపోహ: "సెకండాఫ్ ల్యాగ్ ఉంది. ఓ పదిహేను నిమిషాలు లేపేస్తే సూపర్ హిట్."

అందరికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

విసుగు పుట్టే చోటు, విసుగుకు కారణమైన చోటు చాలాసార్లు వేర్వేరు. ఇంటర్వెల్ తర్వాత నలభయ్యో నిమిషంలో మీరు ఫోను తీశారంటే, లోపం సినిమా మొదలైన ఇరవయ్యో నిమిషంలో ఉండవచ్చు. హీరోకు ఏం కావాలి, అది దక్కకపోతే అతనికి ఏం పోతుంది అన్న రెండు సంగతులు అప్పుడు మనసులో నాటుకోకపోతే, తర్వాత కథను ఎంత పరుగెత్తించినా నడుస్తున్నట్టే ఉంటుంది.

ఒక కుటుంబ కథలో చెల్లెలి పెళ్ళిచూపుల సన్నివేశం ఉండేది. నాలుగు నిమిషాల పైచిలుకు. చూపించిన ప్రతివారూ "సాగింది" అన్నారు. మూడు నిమిషాలకు దించాం, అదే మాట. రెండుకు దించాం. ఈసారి "సాగింది" అంటూనే "ఆ పెళ్ళికొడుకు సంగతేమిటో అర్థం కాలేదు" అని కూడా చేర్చారు. అన్నయ్య ఇల్లు తాకట్టు పెట్టిన విషయం కథలో ఆ సన్నివేశం తర్వాత తెలిసేది. దాన్ని ముందుకు జరిపాం. కాగితం మీద సంతకం పెట్టే ఒక్క షాటు, కొన్ని సెకన్లు. పెళ్ళిచూపులను మళ్ళీ పూర్తి నిడివితో పెట్టేశాం. కాఫీ కప్పులు అందించడం, పెళ్ళికొడుకు తండ్రి తల ఎత్తి ఇంటి దూలాలను మెచ్చుకోలుగా చూడటం అన్నీ తిరిగి వచ్చాయి. ఇదివరకు నసగా ఉన్న ఆ చూపే ఇప్పుడు గుబులు పుట్టించింది. ఆ ఇల్లు తాకట్టులో ఉందని చూసేవాళ్ళకు తెలుసు, ఆయనకు తెలియదు. సినిమా నిడివి పెరిగింది, సాగదీత ఫిర్యాదు మాత్రం మళ్ళీ రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం ప్రేక్షకుల పక్షమే నాది. ఇంటర్వెల్ అయ్యాక సగం మంది ఇంకా పాప్‌కార్న్ వరుసలోనో, చీకట్లో సీటు వెతుక్కుంటూనో ఉంటారని, మొదటి ఐదారు నిమిషాల్లో ముఖ్యమైన విషయం ఏదీ పెట్టరు. ఒక పాటో, కాస్త హాస్యమో వేసి కాలక్షేపం చేస్తారు. సమయానికి వచ్చి కూర్చున్నవాళ్ళకు అది అచ్చంగా సాగదీతే.

అపోహ: "మూడు గంటల సినిమా ఈ రోజుల్లో ఎవరు చూస్తారు?"

1957 నాటి 'మాయాబజార్' మూడు గంటలు దాటింది. 2017లో 'అర్జున్ రెడ్డి', 2022లో 'ఆర్ఆర్ఆర్' కూడా దాటాయి. 2024 డిసెంబరులో వచ్చిన 'పుష్ప 2' మూడు గంటల ఇరవై నిమిషాలు. అది చాలదన్నట్టు 2025 జనవరిలో మరో ఇరవై నిమిషాలు కలిపి థియేటర్లలో మళ్ళీ వేశారు. ఇక చెప్పేదేముంది.

అపోహ: "కట్స్ చకచకా పడుతున్నాయి, ఎడిటింగ్ అదిరింది."

ఈ మెప్పు విన్నప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫైటు సన్నివేశంలో సెకనుకు రెండు కట్స్ పడటం అందరికీ కనిపిస్తుంది. మా పనిలో ఎక్కువ భాగం కనిపించని చోట జరుగుతుంది. ఒక సన్నివేశానికి ఏడెనిమిది టేకులు, మూడు నాలుగు కోణాలు ఉంటాయి. వాటిలో ఏ టేకు నుంచి ఏ చూపు, ఏ మాట, ఏ ఊపిరి తీసుకోవాలన్నదే అసలు పని. "ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా కళ్ళతోనే చేసేసిందండీ" అని మీరు మెచ్చుకునే మౌనం, కొన్నిసార్లు దర్శకుడు 'యాక్షన్' అనకముందు ఆమె లైటు సరిచేసేదాకా ఊరికే ఎదురుచూస్తున్న క్షణం. కెమెరా అప్పటికే తిరుగుతోంది, మేం దాన్ని ఏరుకున్నాం. ఇందులో మోసమేమీ లేదు, ఆ ముఖం ఆమెదే.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఆరు ఫ్రేములంటే పావు సెకను. ఒక హాస్యపు మాటకు జవాబు ఆ పావు సెకను ముందుగా వస్తే నవ్వు పుట్టదు, ఆలస్యమైతే చప్పబడుతుంది. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. నిండు థియేటర్‌లో పెద్ద నవ్వు వస్తుందని తెలిసిన చోట తర్వాతి మాట ఆ హోరులో మునిగిపోకుండా కొంచెం ఖాళీ వదులుతాం. అదే సినిమాను నెల తర్వాత ఓటీటీలో, ఇంట్లో ఒక్కరే కూర్చుని చూస్తే ఆ ఖాళీ ఖాళీగానే కనిపిస్తుంది. "థియేటర్‌లో ఎందుకంత నవ్వారో, నాకైతే నవ్వే రాలేదు" అనే వారితో నాకు పేచీ లేదు. ఆ ఖాళీ వందల మంది నవ్వు కోసం వదిలింది, ఒక్కరితో అది నిండదు.

అపోహ: "ఫోటోగ్రఫీ చీకటిగా ఉంది, మాటలు సరిగ్గా వినపడలేదు. టెక్నీషియన్లు పట్టించుకోలేదు."

కావచ్చు. కానీ ఏ థియేటర్‌లో చూశారో ముందు చెప్పండి. డిజిటల్ ప్రదర్శనకు తెర మధ్యలో 14 ఫుట్‌లాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే కొలత) వెలుగు ఉండాలని ప్రమాణం. దాన్ని దృష్టిలో పెట్టుకునే ఛాయాగ్రాహకుడు డీఐ గదిలో, అంటే తీసిన బొమ్మకు కంప్యూటర్ మీద మెరుగులు దిద్దే చోట, రంగులు, నీడలు ఖాయం చేస్తాడు. ప్రొజెక్టర్‌లోని జినాన్ ల్యాంపు వాడేకొద్దీ మందగిస్తుంది. మార్చాలంటే ఖర్చు, అందుకే కొందరు ఇంకొన్నాళ్ళు లాగిస్తారు. త్రీడీ షో అయ్యాక ప్రొజెక్టర్ ముందున్న పరికరం తీయకుండా మామూలు సినిమా వేస్తే వెలుగులో పెద్ద భాగం అక్కడే ఆగిపోతుంది. పగటి సన్నివేశాలు ఎలాగో నెట్టుకొస్తాయి, రాత్రి సన్నివేశాల్లో మాత్రం ముఖాలు మాయమవుతాయి.

శబ్దం సంగతీ అంతే. మిక్సింగ్ గదిలో సౌండ్ ప్రాసెసర్ మీద 7 అనే స్థాయి పెట్టుకుని పనిచేస్తారు. థియేటర్‌లోనూ అదే ఉండాలి. ఫైట్లు, రీరికార్డింగ్ హోరెక్కువని ఎవరో ఫిర్యాదు చేస్తే ఆపరేటర్ దాన్ని 5కు దించుతాడు. హోరుతోపాటు గుసగుసగా చెప్పిన మాటలూ దిగిపోతాయి. ఆ గుసగుసలోనే కథ మలుపు ఉంటే, మీకు "కథ అర్థం కాలేదు" అనిపిస్తుంది, రాసినవాళ్ళ మీద నింద పడుతుంది.

"ఫోటోగ్రఫీ బాగుంది" అంటే చాలామంది ఉద్దేశం లొకేషన్ బాగుందని. దానికి విడిగా జవాబు అక్కర్లేదు.

అపోహ: "ఆమె నటన బాగుంది, ముఖ్యంగా ఆ గొంతు."

గొంతు ఆమెది కాకపోవచ్చు. 2010లో 'ఏ మాయ చేసావె'లో సమంతకు గొంతు అరువిచ్చింది చిన్మయి. అందుకు ఆమెకు నంది అవార్డు వచ్చింది. మన దగ్గర చాలా సినిమాలకు మాటలన్నీ తర్వాత డబ్బింగ్ గదిలోనే చెబుతారు. 2016లో 'పెళ్ళిచూపులు' లాంటివి చిత్రీకరణ సమయంలోనే మాటలు రికార్డు చేసి సింక్ సౌండ్‌తో వచ్చాయి. "వీళ్ళు మన పక్కింటివాళ్ళలా మాట్లాడారు" అని మీకు అనిపించిన చోట, సంభాషణ రాసినవారితోపాటు మైకు పట్టుకున్నవాడికీ వాటా ఉంటుంది.

అపోహ: "సెన్సారువాళ్ళు కోసేశారు, అందుకే అతుకులబొంతలా ఉంది."

బోర్డు సూచించిన కట్స్ వల్ల దెబ్బతిన్న సినిమాలు లేకపోలేదు. అయితే మామూలుగా వచ్చే జాబితాలో ఫలానా తిట్టు మ్యూట్ చేయండి, ఫలానా రక్తపు షాటు తగ్గించండి అనే ఉంటుంది. కథలో ఒక పాత్ర ఉన్నట్టుండి మాయమైతే అది సాధారణంగా విడుదలకు ముందు నిర్మాత, దర్శకుడు, నేను కలిసి నిడివి కోసం తీసుకున్న నిర్ణయం. సర్టిఫికెట్ మీద అక్షరాలు కూడా మారాయి. 2023 చట్ట సవరణతో యూఏ అనేది 7, 13, 16 ఏళ్ళు అని మూడుగా విడిపోయింది. పిల్లలను తీసుకెళ్ళేముందు ఆ అంకె చూసుకుంటే, హాలు మధ్యలోంచి లేచి వచ్చి "ఇది కుటుంబంతో చూసే సినిమానా?" అని కోప్పడే పని తప్పుతుంది.

అపోహ: "టెక్నికల్‌గా ఏమీ తెలియని మనకు చెప్పే అర్హత ఏముంది?"

ఇది అన్నిటికంటే చెడ్డ అపోహ. విడుదలకు ముందు సినిమాను బయటివారికి చూపించేటప్పుడు మేం వెతికేది ఏమీ తెలియనివారినే. పరిశ్రమవాళ్ళు వచ్చి ట్రాన్సిషన్ల గురించి మాట్లాడి వెళతారు. హౌసింగ్ సొసైటీ వాచ్‌మన్ వచ్చి "ఆ తండ్రి చివర్లో ఎందుకు క్షమించాడు సార్?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో రెండు రోజుల పని దొరుకుతుంది. ఏం కోయాలో మేం అడగం. ఫోను ఎప్పుడు తీశారు, ఎవరు ఎవరికి ఏమవుతారో ఎక్కడ తికమకపడ్డారు, ఇంటికి వెళ్ళాక ఏ సన్నివేశం గుర్తుకొచ్చింది అని అడుగుతాం. జవాబుల కంటే ముందు, హాల్లో వెనక వరుసలో నిలబడి తలలు చూస్తాను. ఆసక్తి తగ్గినప్పుడు మనుషులు కుర్చీలో కదులుతారు, దగ్గుతారు. కథ పట్టుకున్నప్పుడు దగ్గులు ఆగిపోతాయి.

కాబట్టి "ఆసుపత్రి సీన్ దగ్గర నాకు బోరు కొట్టింది" అంటే చాలు, మాకు పనికొస్తుంది. "చెత్త" అన్నా ఫర్వాలేదు, ఎక్కడ నుంచి చెత్త అనిపించిందో చెబితే. "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అనే మాటతోనే మేం ఏమీ చేయలేం.