మలేరియా మందులు, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) కలిసినప్పుడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మలేరియా మందులు వాడే 3 రోజులూ ఏఆర్‌టీ ఆపేస్తే సరిపోతుంది.

వాస్తవం: దయచేసి ఆపకండి. ఆపితే వైరస్ మళ్లీ పుంజుకుంటుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. పైగా ఏఆర్‌టీలో వాడే ఎఫవిరెంజ్ అనే మందు ఆపినా కాలేయంలోని ఎంజైమ్‌ల మీద దాని ప్రభావం వారాల తరబడి ఉంటుంది. కాబట్టి ఆపడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

అపోహ: రెండు రకాల మందులు కలిస్తే విషమవుతుంది.

వాస్తవం: అందరూ భయపడేది దీనికే. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం మందు చాలకపోవడం. మలేరియాకు ఇచ్చే ఆర్టిమెథర్-లుమిఫాంట్రిన్ జోడీ తీసుకోండి. ఆర్టిమెథర్ మలేరియా పరాన్నజీవులను త్వరగా తగ్గిస్తుంది. మిగిలినవాటిని నెమ్మదిగా తుడిచిపెట్టే పని లుమిఫాంట్రిన్‌ది. ఈ రెంటినీ కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ కరిగించేస్తుంది. ఎఫవిరెంజ్ ఆ ఎంజైమ్ జోరు పెంచుతుంది. దాంతో రక్తంలో లుమిఫాంట్రిన్ సగానికి పైగా పడిపోవచ్చు. జ్వరం తగ్గుతుంది, రోగి నిశ్చింతగా ఉంటాడు, కొన్ని వారాలకు మలేరియా తిరగబెడుతుంది. లోపినావిర్-రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందుల జోడీతో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: ఎంజైమ్ నెమ్మదించి లుమిఫాంట్రిన్ పెరుగుతుంది. అది పెరిగితే గుండె లయ మీద ప్రభావం పడొచ్చు కాబట్టి, గుండె లయలో తేడా ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఏది ఎలా ఉన్నా మోతాదు సొంతంగా మార్చకండి. ఆర్టిమెథర్-లుమిఫాంట్రిన్ 6 మోతాదులూ పూర్తిగా, కొవ్వున్న ఆహారంతో వేసుకోండి. అప్పుడే లుమిఫాంట్రిన్ ఒంట్లోకి బాగా చేరుతుంది.

అపోహ: ఏఆర్‌టీలో ఉన్నవాళ్లకు మలేరియా మందులేవీ పడవు.

వాస్తవం: డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లు ఆర్టిమెథర్-లుమిఫాంట్రిన్‌ను మామూలు మోతాదులోనే తీసుకోవచ్చు.

అపోహ: ఆర్టిసునేట్ అనే మలేరియా మందుతో వచ్చే జోడీలన్నీ ఒకటే.

వాస్తవం: కావు. ఎఫవిరెంజ్ గానీ, జిడోవుడిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు గానీ వాడుతుంటే ఆర్టిసునేట్-అమోడియాక్విన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొదటిదానితో కాలేయానికి, రెండోదానితో తెల్ల రక్తకణాలకు ముప్పు. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రిమోక్సజోల్ వాడేవాళ్లకు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఉన్న జోడీ ఇవ్వకూడదు, ఎందుకంటే రెండింటిలోనూ సల్ఫా మందు ఉంటుంది. కోట్రిమోక్సజోల్ ఏఆర్‌టీ కాదు కదా అని చాలామంది దాని పేరు చెప్పరు. అదీ చెప్పండి.

అపోహ: తీవ్ర మలేరియాలోనూ ముందు ఈ లెక్కలన్నీ తేల్చుకోవాలి.

వాస్తవం: స్పృహ తప్పుతున్నా, ఫిట్స్ వస్తున్నా ఆర్టిసునేట్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. మిగతా మందుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చికిత్స ముగిశాక 28 రోజుల్లోపు మళ్లీ జ్వరం వస్తే మామూలు జ్వరమేలే అనుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి.