చేదు నీళ్లు

ప్రియమైన పిల్లలకు,

బైబిలులోని సంఖ్యాకాండం 5వ అధ్యాయం చదివి, “తాతయ్యా, తప్పు చేసిందో లేదో తెలియకముందే ఆమె ముసుగు ఎందుకు తీశారు?” అని అడిగారు. పెద్దలు చాలామంది అక్కడ గబగబా పేజీ తిప్పేస్తారు. మీరు ఆగి అడిగినందుకు సంతోషం.

భార్య తనకు ద్రోహం చేసిందని భర్తకు అనుమానం. సాక్షులు లేరు. ఆమెను యాజకుని దగ్గరకు తీసుకువస్తాడు. నూనె, సాంబ్రాణి కలపని యవల పిండి ఆమె చేతుల్లో పెడతారు. మట్టిపాత్రలో పవిత్రజలం, అందులో దేవుని గుడారం నేల మీది ధూళి. శాపాలు రాసి, ఆ అక్షరాలను ఆ నీళ్లలోకే కడిగి తాగిస్తారు. అవే చేదు నీళ్లు. దోషి అయితే కడుపు ఉబ్బుతుంది. కాకపోతే ఏమీ కాదు, పిల్లలు కలుగుతారు.

మా చిన్నప్పుడు పలకను దొండాకుతో తుడిచేవాళ్లం. పసరు తగలగానే నల్లగా నిగనిగలాడేది. బలపంలో ఎక్కడైనా చిన్న రాయి ఉంటే మాత్రం పలక మీద గీత పడేది. ఎంత రుద్దినా అక్షరం పోయేది కానీ గీత పోయేది కాదు. ఎండలో వాలుగా పట్టుకుంటే కనబడేది. ఒకసారి మా తరగతిలో పావలా పోయింది. అందరి ముందూ ఒక అబ్బాయి జేబులు తిరగేయించారు. పావలా మరోచోట దొరికింది. అయినా వాడు ఏడాదంతా వెనుక బల్ల వదల్లేదు. ఎవరి మీదైనా అనుమానం వస్తే పక్కకు పిలిచి అడగండి పిల్లలూ. శాపాక్షరాలు నీళ్లలో కరిగిపోతాయి. ముసుగు లేకుండా నలుగురిలో నిలబడిన ఆ పూట, నిర్దోషికైనా, గీతలాగే ఉండిపోతుంది.

తరువాతి యూదు గురువుల మాటలు మిష్నా అనే వాళ్ల ధర్మగ్రంథంలో, సోటా అనే భాగంలో ఉన్నాయి. యెరూషలేము ఆలయంలో నికానోరు ద్వారం దగ్గర ఆమెను నిలబెట్టి, నగలు తీయించి, తెల్లబట్టలుంటే నల్లవి కట్టించేవారట. ఎవరైనా వచ్చి చూడవచ్చు, ఆమె దాసదాసీలు తప్ప. వాళ్లను చూస్తే ఆమె గుండె దిటవు చేసుకుంటుందట! ఆ మాట చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. అంతకుముందు యెరూషలేములోని న్యాయాధిపతులే, “అమ్మా, ద్రాక్షారసం ఎంత పనైనా చేయిస్తుంది, చిన్నతనం చేయిస్తుంది, చెడ్డ ఇరుగుపొరుగు చేయిస్తుంది” అంటూ, తప్పు చేసి ఉంటే ముందే ఒప్పుకోమని బతిమాలేవారట. నీళ్లలో కరిగే ఆ రాతలో దేవుని పేరు కూడా ఉంది మరి.

వ్యభిచారులు పెరిగిపోయినప్పుడు యోహానాన్ బెన్ జక్కాయి అనే యూదు గురువు ఈ ఆచారాన్ని ఆపించారు. మగవాళ్లే దారి తప్పుతుంటే మీ కూతుళ్లను, కోడళ్లను శిక్షించనని హోషేయ ప్రవక్త ద్వారా దేవుడు చెప్పిన మాటే అందుకు ఆధారం.

ఇప్పుడు మీరు ఆ అధ్యాయం చివరి వచనం, 31వది, మళ్లీ తీయండి. అనుమానించిన భర్త గురించి అక్కడ ఏముందో చూసి, మీకేమనిపించిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య