రైఫిల్ స్కోప్: అపోహలు – వాస్తవాలు

షూటింగ్ నేర్చుకోవడానికి వచ్చే వారిలో చాలామంది నన్ను మొదట అడిగే ప్రశ్న, ఎన్ని ఎక్స్ (అంటే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపే) స్కోప్ కొనాలన్నదే. స్కోప్ అంటే గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే దుర్భిణి. ఏ దూరంలో, ఏ వెలుతురులో, ఏ భంగిమలో కాల్చబోతున్నారని నేను తిరిగి అడిగితే చాలామంది తెల్లబోతారు.

అపోహ: మాగ్నిఫికేషన్ పెరిగే కొద్దీ గురి కుదురుతుంది.

వాస్తవం: స్కోప్ లక్ష్యాన్ని పెద్దదిగా చూపుతుందే తప్ప చేతిని నిలకడగా ఉంచదు. లక్ష్యంతో పాటు చేతి వణుకు, ఊపిరి కదలిక, ఎండవేళ నేల మీది వేడిగాలి అలలు కూడా అంతే పెద్దవిగా కనిపిస్తాయి. ఒక కొత్త షూటర్ 24 ఎక్స్‌లో రెటికల్ (స్కోప్‌లో కనిపించే గురి గుర్తు) ఊగిసలాడటం చూసి తన చేతిలోనే లోపముందని బెంగపడి, రెటికల్ నల్లచుక్క మీదికి రాగానే ట్రిగ్గర్‌ను గబుక్కున లాగేసేవాడు. 6 ఎక్స్‌కు తగ్గించి కాల్చమన్నాను. అదే రైఫిల్‌తో, అవే తూటాలతో గ్రూప్ (తూటాల రంధ్రాల గుంపు) చిన్నదయింది. ఆ వణుకు అందరికీ ఉంటుంది కనుక అది చూసి ఎవరూ కుంగిపోనక్కర్లేదు.

వెలుతురు లెక్క కూడా ఇక్కడే ఉంది. ఆబ్జెక్టివ్ లెన్స్ (స్కోప్ ముందు వైపు అద్దం) వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే కంటికి చేరే కాంతివలయం వ్యాసం వస్తుంది. 40 మి.మీ. లెన్స్‌తో 6 ఎక్స్ దగ్గర అది సుమారు 6.7 మి.మీ. ఉంటే, 24 ఎక్స్ దగ్గర 1.7 మి.మీ.కు పడిపోతుంది. మసక వెలుతురులో మన కంటిపాప 5 నుంచి 7 మి.మీ. వరకు విచ్చుకుంటుంది కనుక సాయంత్రం వేళ 24 ఎక్స్‌లో దృశ్యం మసకబారుతుంది. తల కొద్దిగా పక్కకు జరిగినా అంచున నల్లని నీడ కమ్ముకుంటుంది. రైఫిల్‌ను బల్లపై ఆన్చి కాల్చే బెంచ్‌రెస్ట్‌కు 36 ఎక్స్ కూడా సబబే. నిలబడి, కదిలే లక్ష్యాన్ని దగ్గర నుంచి కాల్చేవారికి మాత్రం 1 నుంచి 6 ఎక్స్ వరకు మారే స్కోప్ చాలు, ఎందుకంటే వారికి విశాలమైన దృశ్యం ముఖ్యం.

అపోహ: 30 మి.మీ. ట్యూబ్ (స్కోప్ నడిమి గొట్టం) ఉంటే వెలుతురు ఎక్కువ వస్తుంది.

వాస్తవం: రాదు. సాధారణంగా దానివల్ల కలిసొచ్చేది రెటికల్‌ను పైకీ కిందికీ మరింత జరుపుకునే అవకాశం; అది దూరపు లక్ష్యాలకు పనికొస్తుంది.

అపోహ: పెద్ద రైఫిల్ దెబ్బకు తట్టుకున్న స్కోప్ ఎయిర్ రైఫిల్‌పై పాడవదు.

వాస్తవం: స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకు కుదుపుతుంది. ఆ ఎదురు కుదుపును దృష్టిలో పెట్టుకుని తయారు చేయని స్కోప్ దెబ్బతింటుంది. పైగా 100 గజాలకు పారలాక్స్ (కన్ను జరిగితే రెటికల్ లక్ష్యంపై జరిగినట్టు కనిపించే దోషం) లేకుండా స్థిరపరచిన స్కోప్‌లో 10 మీటర్ల లక్ష్యం మసకగా కనిపిస్తుంది, చెంప ఆన్చే తీరు మారితే రెటికల్ లక్ష్యంపై జరుగుతుంది. అందుకే దగ్గరి దూరానికి పారలాక్స్ సర్దుకోగల స్కోప్ తీసుకోవాలి.

పిల్లలను ఒలింపిక్ రైఫిల్ పోటీలకు తయారు చేస్తూ స్కోప్ కొనలేకపోతున్నామని మథనపడే తల్లిదండ్రులకు ఒక మాట: 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో టెలిస్కోపిక్ స్కోప్‌ను నిబంధనలు అనుమతించవు, అక్కడ వాడేది ఎపర్చర్ సైట్ (చిన్న రంధ్రం గుండా గురి చూసే సాధనం) మాత్రమే.