ముగ్గురు బిడ్డల తల్లి సర్పంచి కాకూడదన్న చట్టం: ముప్ఫై ఏళ్ల నేపథ్యం

అసెంబ్లీ సమావేశాలు ముగించుకుని ఎమ్మెల్యే నియోజకవర్గానికి తిరిగి వచ్చినప్పుడు ఊళ్లలో చెప్పే సమాచారంలో రోడ్లకు మంజూరైన నిధులు, కొత్త పింఛన్లు, రేషన్ కార్డులు ముందుంటాయి. సభ ఆమోదించిన చట్టాల సంగతి చివరన రెండు ముక్కల్లో తేలిపోతుంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పంచాయతీరాజ్ చట్టానికీ, పురపాలక చట్టాలకూ చేసిన సవరణలు మాత్రం అలా రెండు ముక్కల్లో చెప్పి వదిలేయదగినవి కావు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన ఆ సవరణలతో రద్దయింది. ఆ నిబంధన ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి వర్తించింది, ఎవరిని తాకకుండా వదిలేసింది అన్నది తెలిస్తే తప్ప, దాని రద్దు ఎంత ఆలస్యంగా జరిగిందో అర్థం కాదు.

1991 జనాభా లెక్కల్లో దేశ జనాభా 84 కోట్లు దాటినట్టు తేలింది. ఆ ఆందోళన నడుమ, ప్రధాని, ముఖ్యమంత్రులు సభ్యులుగా ఉండే జాతీయాభివృద్ధి మండలి అప్పటి కేరళ ముఖ్యమంత్రి కె. కరుణాకరన్ అధ్యక్షతన ఒక కమిటీని వేయగా, ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఏ పదవికీ పోటీ చేయడానికి వీల్లేకుండా చట్టం తేవాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా అన్న ఆ మాటను గుర్తుంచుకోవాలి. దానికి అనుగుణంగా ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ ఇదే అనర్హతను వర్తింపజేసే 79వ రాజ్యాంగ సవరణ బిల్లును 1992 డిసెంబరులో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. ఆ బిల్లు ఎన్నడూ ఆమోదం పొందలేదు. సిఫారసులో పై సగం అలా మూలన పడగా, కింది సగం మాత్రం రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో చట్టమైంది.

అందుకు వీలు కల్పించింది 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24న అది అమల్లోకి రావడంతో, ఏడాదిలోగా రాష్ట్రాలన్నీ తమ పంచాయతీ చట్టాలను తిరగరాయవలసి వచ్చింది. పంచాయతీలకు ఐదేళ్లకోసారి తప్పనిసరిగా ఎన్నికలు, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు, దళిత, గిరిజనులకు రిజర్వేషన్లు అన్నీ ఆ సవరణ తెచ్చినవే. పోటీదారుల అనర్హతలను నిర్ణయించే అధికారాన్ని కూడా అదే సవరణ శాసనసభలకు ఇచ్చింది. రాజస్థాన్, ఒడిశా, హర్యానా ఆ అధికారాన్ని పిల్లల సంఖ్య మీద ప్రయోగించిన తొలి రాష్ట్రాల్లో ఉన్నాయి. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ చేసిన పంచాయతీరాజ్ చట్టం 1994 మే 30న అమల్లోకి వచ్చింది. దాని 19వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్, ఇద్దరికి మించి పిల్లలున్న వ్యక్తి ఎన్నికకు గానీ, ఎన్నికయ్యాక పదవిలో కొనసాగడానికి గానీ అర్హులు కారని చెప్పింది. మహిళలకూ దళితులకూ మొదటిసారిగా గట్టి హామీతో తలుపు తెరిచిన చట్టమే, ఆ గడప మీదే ఈ అడ్డుకట్ట కట్టింది.

నిబంధనలో ఒక వెసులుబాటు ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదిలోపు, అంటే 1995 మే నెలాఖరులోపు పుట్టిన బిడ్డను లెక్కలోకి తీసుకోరు. అప్పటికే ఎందరు పిల్లలున్నా ఆ తర్వాత సంఖ్య పెరగనంతవరకు అనర్హత రాదు. పైకి న్యాయంగా కనిపించే ఈ వెసులుబాటు, ఏళ్లు గడిచేకొద్దీ వింత ఫలితాలకు దారితీసింది. గడువుకు ముందే ఐదుగురు పిల్లలను కన్న పెద్దాయన నిరభ్యంతరంగా పోటీ చేయవచ్చు. 2021 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికల నాటికి ముప్ఫై ఏళ్లున్న మహిళకు 1995లో నాలుగేళ్లు. ఆమె బిడ్డలందరూ గడువు దాటాక పుట్టినవారే గనుక, మూడో కాన్పు జరిగి ఉంటే ఆమెకు దారి మూసుకుపోయినట్టే. జనాభాను పెంచిన తరాన్ని వదిలి, తక్కువ మందిని కన్న తరాన్ని పట్టుకున్న చట్టమిది.

దీని అసలు రూపం కనిపించేది నామినేషన్ల పరిశీలన రోజున. రిటర్నింగ్ అధికారి ముందు బల్ల మీద అభ్యర్థి పత్రాలుంటాయి, ఎదుట నిలబడ్డ ప్రత్యర్థి చేతిలో ఒక జనన ధ్రువీకరణ పత్రమో, బడిలో చేర్చినప్పటి అడ్మిషన్ నకలో, రేషన్ కార్డు జిరాక్స్ ప్రతో ఉంటుంది. మూడో పిల్లవాడు మీ బిడ్డేనా అన్న ప్రశ్నకు ఒక తల్లి ఊరివాళ్ల ముందు జవాబు చెప్పుకోవాలి. ఆ క్షణంలో ఊరికి నీళ్లు ఎలా తెస్తారు, వీధి దీపాల సంగతేమిటి అనే చర్చకు చోటు ఉండదు. చర్చంతా ఆమె కాన్పుల చుట్టూ తిరుగుతుంది. అడ్డం తప్పించుకోవడానికి బిడ్డను బంధువులకు దత్తత ఇచ్చామని చూపిన వారూ దేశంలో లేకపోలేదు. ఒడిశా నుంచి వచ్చిన అటువంటి ఒక కేసులో, దత్తత ఇచ్చినా కన్నవారి లెక్క తగ్గదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

అంతకు పదిహేనేళ్ల ముందే, 2003 జులైలో, జావేద్ వర్సెస్ హర్యానా కేసులో ఇద్దరు పిల్లల నిబంధన రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎన్నికల్లో పోటీ చేయడం చట్టం ఇచ్చిన హక్కే తప్ప ప్రాథమిక హక్కు కాదు గనుక, చట్టం దానికి షరతు పెట్టవచ్చునని న్యాయస్థానం భావించింది. ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ లేని షరతు సర్పంచులకే ఎందుకన్న వాదనకు, ఒక విధానాన్ని దశలవారీగా అమలు చేయడం వివక్ష కాదని సమాధానమిచ్చింది. కుటుంబంలో నిర్ణయం మగవాడిదైనప్పుడు శిక్ష ఆడవారికి పడుతుందన్న వాదనను కూడా ఆమోదించలేదు. ఇష్టం లేకపోయినా మూడో బిడ్డను కనవలసినంత నిస్సహాయులుగా నేటి మహిళలు లేరన్నది ధర్మాసనం అభిప్రాయం. తీర్పును గౌరవిస్తూనే చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ మొదటి దశ తర్వాత రావలసిన రెండో దశ రానే లేదు. ఇక కొడుకు పుట్టేదాకా కాన్పు ఆపనివ్వని ఇళ్లు పల్లెల్లో ఎన్ని ఉన్నాయో ఎరిగినవారెవరూ, మూడో కాన్పు నిర్ణయం ఆ తల్లి ఒక్కదానిదేనని అనలేరు.

మధ్యప్రదేశ్ ప్రభుత్వ మాజీ ప్రధాన కార్యదర్శి నిర్మలా బుచ్ ఈ విషయాన్ని కాగితాల మీద వదిలేయక, ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో అధ్యయనం చేయించారు. పదవి కోసం భార్యలను వదిలేసిన ఉదంతాలు, బిడ్డ తనది కాదన్న తండ్రులు, దత్తతలు, గర్భస్రావాలు ఆ అధ్యయనంలో బయటపడ్డాయి. నష్టపోయినవారిలో పేదలు, దళిత, వెనుకబడిన వర్గాలవారు ఎక్కువని అందులో తేలింది. 2005, 2006 సంవత్సరాల్లో మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్‌ప్రదేశ్, హర్యానా వరుసగా నిబంధనను తొలగించుకున్నాయి. సుప్రీంకోర్టులో ఏ రాష్ట్రం చట్టం నెగ్గిందో ఆ హర్యానాయే మూడేళ్లు తిరగకముందే దాన్ని వద్దనుకుంది. తెలుగు నేల మీద మాత్రం అది అలాగే నిలిచింది. 2011లో స్థానిక సంస్థల్లో మహిళల వాటాను సగానికి పెంచినప్పుడూ దాని జోలికి పోలేదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2018లో కొత్తగా రాసుకున్న పంచాయతీరాజ్ చట్టంలోనూ ఈ నిబంధన యథాతథంగా చోటు చేసుకుంది.

ఈలోగా జనాభా కథ పూర్తిగా మారిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 1992-93లో 2.6 ఉండగా, 2005-06 నాటికే 1.8కి దిగింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8గా నమోదైంది. జనాభా ఉన్నచోట ఉండాలంటే కావలసిన రేటు 2.1. పంచాయతీ అనర్హత వల్లే ఈ తగ్గుదల వచ్చిందనడానికి ఆధారం లేదు. అటువంటి చట్టమే లేని కేరళ, తమిళనాడుల్లోనూ రేటు ఇలాగే పడిపోయింది. తెలుగు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ భారమంతా మోసింది ఆడవాళ్లు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, పిల్లలను కనే వయసులో ఉన్న మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. పురుషుల ఆపరేషన్లు ఒక్క శాతానికి కూడా చేరలేదు. పాతికేళ్లు నిండకముందే రెండో కాన్పుతో పాటే ఆపరేషన్ అయిపోవడం మన ఊళ్లలో ఎవరికీ వింత కాదు.

రద్దు వచ్చింది కూడా ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి కాదన్నది ఒప్పుకోవలసిన విషయం. 2024 ఆగస్టులో మంత్రివర్గం నిర్ణయం తీసుకున్నప్పుడూ, నవంబరులో సభ ఆమోదించినప్పుడూ ముందుకు వచ్చిన కారణం తగ్గుతున్న సంతానోత్పత్తి, పెరుగుతున్న వృద్ధుల సంఖ్య. దాని వెనుక లోక్‌సభ స్థానాల భయమూ ఉంది. 1971 జనాభా లెక్కల ఆధారంగా స్తంభింపజేసిన స్థానాల పంపకం 2026 తర్వాత జరిగే మొదటి జనగణనతో మళ్లీ కదలవచ్చు. జనాభాను అదుపు చేసిన దక్షిణాది రాష్ట్రాలు ఆ పంపకంలో నష్టపోతామని ఆందోళన చెందుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఉన్నవి 25 స్థానాలు, తెలంగాణకు 17. తెలంగాణ మంత్రివర్గం కూడా 2025 అక్టోబరులో, పంచాయతీ ఎన్నికల ముందు, ఇదే నిబంధనను ఎత్తివేసే నిర్ణయం తీసుకుంది.

కారణం ఏదైనా రద్దు మంచిదే. గ్రామసభలో ఎమ్మెల్యేలు ఈ వార్త చెప్పేటప్పుడు, తమకు ఎన్నడూ లేని షరతు ముప్ఫై ఏళ్లు సర్పంచుల మీద ఎందుకు ఉందో కూడా చెప్పాలని కోరడం అత్యాశ కాదు. అంతకంటే జాగ్రత్త పడవలసింది మరొకటుంది. రద్దు బిల్లు ఇంకా సభ ముందుకు రాకముందే, 2024 అక్టోబరులో, ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలున్నవారే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తేవాలని ఆలోచిస్తున్నట్టు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అన్నారు. అది మాటగా ఆగిపోవాలి. లేకపోతే రేపు నామినేషన్ పరిశీలన బల్ల ముందు దోషిలా నిలబడేది, కుటుంబ నియంత్రణ గుర్తైన ఎర్ర త్రికోణం కింద గోడల మీద రాసిన మాటను నమ్మి, ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్ వెంట ఆపరేషన్ క్యాంపుకు వెళ్లి, ఇద్దరు బిడ్డలతో ఆపేసిన తల్లే.