ఆబర్న్ అవెన్యూలో ఎవరి పక్కన ఎవరుండేవారు

అమెరికా దక్షిణాన, అట్లాంటాలోని ఆబర్న్ అవెన్యూలో పెరిగిన పెద్దల జ్ఞాపకాల్లో పాస్టరు, బీమా ఉద్యోగి, ఇళ్లలో పనిచేసే ఆయా ఒకే వరుసలో కనిపిస్తారు. ఆ ఇరుగుపొరుగు వాళ్లు కోరి ఎంచుకున్నది కాదు. 1893 దాకా వీట్ స్ట్రీట్ అనేవారు దీన్ని. 1906 సెప్టెంబరులో శ్వేతజాతి మూకలు నల్లజాతివారిపై దాడులు చేశాక, నగరం నడిబొడ్డు నుంచి నల్లవారి వ్యాపారాలు ఇటు చేరాయి. వేరే పేటల్లో ఇల్లు దొరకని రోజుల్లో, డబ్బున్నవారూ లేనివారూ ఇక్కడే ఉండాల్సి వచ్చింది.

501వ నంబరు రెండంతస్తుల ఇల్లు, 1895లో కట్టింది. 1929 జనవరి 15న మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిందక్కడే. ఎదురు వరుసలో, కాస్త పడమటగా, మిల్లు కార్మికుల కోసం 1905లో కట్టిన జంట షాట్‌గన్ ఇళ్లున్నాయి. గదులు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో నడవా ఉండదు. వీధి అరుగు మీదే కూర్చునేవారు కాబట్టి ఎవరొచ్చిందీ ఎవరెళ్లిందీ అందరికీ తెలిసేది. తర్వాత డౌన్‌టౌన్ కనెక్టర్ హైవే వీధిని రెండుగా చీల్చింది. నల్లవారిని, తెల్లవారిని వేరుగా ఉంచిన చట్టాలు పోయాక, స్తోమత ఉన్న కుటుంబాలు వేరే పేటలకు తరలిపోయాయి.

ఈ జ్ఞాపకాలను రాసుకునేవారు "మీ పొరుగువారెవరు?" అని అడిగితే పదేళ్లలో వేర్వేరుగా ఉండిపోయిన మనుషులంతా ఒకే ఏడాదిలోకి వచ్చిపడతారు. ఏ తరగతి చదివేటప్పుడు ఎవరున్నారో అడగాలి. అగ్నిప్రమాద బీమా కోసం ఇల్లిల్లూ గీసిన సాన్‌బోర్న్ పటం ముందు పెట్టి, చర్చి దగ్గర మొదలెట్టి ఇల్లిల్లూ నడిపించాలి. అందులో పసుపు రంగుది చెక్క ఇల్లు, గులాబీది ఇటుక కట్టడం. ఆ తర్వాత, ఊళ్లోవాళ్ల పేర్లూ చిరునామాలూ అచ్చువేసిన సిటీ డైరెక్టరీతో పోల్చుకోవాలి. వీధి విభాగంలో నంబర్ల వరుసన ఇంటి యజమాని పేరో, అద్దెకున్న పెద్ద పేరో ఉంటుంది. గది అద్దెకు తీసుకున్నవాళ్లు, పిల్లలు అక్కడ కనబడరు. డైరెక్టరీలో పేరు లేదని జ్ఞాపకం చెప్పే పెద్దావిడ మాట కొట్టేయడం చాలామంది చేసే తప్పు. ఇంకో చిక్కు, 1920లలో నగరం ఇళ్ల నంబర్లు మార్చింది. అంతకుముందరి పుస్తకంలో అదే ఇంటికి వేరే నంబరుంటుంది.

గది అద్దెకు తీసుకున్నవాళ్లు, పిల్లలు దొరికేది జనాభా లెక్కల్లో. 1950 నాటి పుటలు 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల ఇప్పుడు ఎనభై దాటింది, ఆమె పేరూ ఆ పుటలో ఉంటుంది. లెక్కలు రాసే ఎన్యూమరేటరు గడపగడపకూ నడిచి రాశాడు కాబట్టి పైనా కిందా ఉన్న పేర్లు సాధారణంగా పొరుగువాళ్లవే. మూల ఇంటి దగ్గర మాత్రం అతను పక్క వీధిలోకి తిరుగుతాడు, ఎడమ గడిలో వీధి పేరు చూసుకోవాలి.