‘వరకు’ అన్న మాటను ఎవరు నింపాలి?

నలుగురు సభ్యుల కుటుంబాన్ని చంపిన కేసు అది. నేరంలో ముగ్గురు ముద్దాయిల పాత్ర ఒకటేనని తేలింది. ముగ్గురికీ ఉరిశిక్ష పడింది, ముగ్గురూ విడివిడిగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. మొదటివాడి పిటిషన్‌ను 1976లో ఒక బెంచ్ కొట్టేసింది. రెండోవాడిది 1977లో మరో బెంచ్ ముందుకు వచ్చింది, అతని ఉరి యావజ్జీవంగా మారింది. మూడోవాడు హర్బన్స్ సింగ్. అతని పిటిషన్‌ను 1978లో ఇంకో బెంచ్ కొట్టేసింది. 1981 అక్టోబరు 6న మొదటివాడిని ఉరితీశారు. అదే రోజు ఉరి ఎక్కాల్సిన హర్బన్స్ సింగ్ రిట్ పిటిషన్ వేయడంతో ఆగిపోయాడు. ఒకే నేరానికి, ఒకే పాత్రకు ఒకరు చనిపోయారు, ఒకరు బతికారు. ఈ మూడోవాడిని ఏం చేయాలి? 1982లో చీఫ్ జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం అతని ఉరిని యావజ్జీవంగా మార్చాలని రాష్ట్రపతికి సిఫార్సు చేసి ఆ ప్రశ్నకు జవాబిచ్చింది.

ఉరి కేసు కాబట్టి ఈ తేడా బయటపడింది. దొంగతనం కేసులో ఒక కోర్టు ఆరు నెలలు వేసి, పక్క జిల్లా కోర్టు రెండేళ్లు వేస్తే పోల్చి చూసేవాళ్లు ఉండరు. శిక్షల మార్గదర్శకాల మీద, అంటే ఏ నేరానికి ఎంత శిక్ష వేయాలో జడ్జికి దారి చూపే సూత్రాల మీద, ప్రభుత్వాలకూ కమిషన్లకూ సలహా ఇచ్చేవాళ్ల పని ఆ పోలికతోనే మొదలవుతుంది. మన దేశంలో ఆ పని ఇంకా సరిగ్గా మొదలే కాలేదన్నది నా అభిప్రాయం.

మూలం చట్టం రాసిన తీరులోనే ఉంది. మెకాలే అధ్యక్షతన 1834లో ఏర్పడిన లా కమిషన్ తయారు చేసిన ముసాయిదా 1860లో ఐపీసీగా (భారత శిక్షా స్మృతి) చట్టమైంది, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో దాదాపు ప్రతి సెక్షన్ ‘వరకు’ అన్న మాట మీదే ఆగేది. దొంగతనానికి మూడేళ్ల వరకు. 420 కింద మోసానికి ఏడేళ్ల వరకు. ప్రమాదకర ఆయుధంతో తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు, లేదా యావజ్జీవం. కనిష్ఠ శిక్ష చెప్పిన సెక్షన్లు కొన్నే. ఒక్క రోజు నుంచి పదేళ్ల దాకా ఉన్న ఆ ఖాళీని ఎలా నింపాలో చట్టం చెప్పలేదు, జడ్జి విచక్షణకు వదిలేసింది.

విచక్షణ చెడ్డదేం కాదు. దానికి మన తెలుగు నేల నుంచే ఒక ఉదాహరణ ఉంది. 1974లో ఏడిగ అనమ్మ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ హత్య నేరం రుజువైన ఒక యువతి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. ఆమె వయసు, అత్తింటివాళ్లు వెళ్లగొట్టిన తీరు, ఆమెకున్న బిడ్డ, ఉరి నీడలో జైల్లో గడిపిన కాలం, ఇవన్నీ ఆయన లెక్కలోకి తీసుకున్నారు. నేరాన్నే కాక మనిషినీ చూడటం అంటే ఏమిటో తెలియాలంటే ఈ తీర్పు చదవాలి. అయితే అనమ్మ ఫైలు మరో బెంచ్ ముందుకు వెళ్లి ఉంటే? హర్బన్స్ సింగ్ కేసు గుర్తున్నవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు.

చట్టసభ అప్పటికే ఒక అడుగు వేసింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హత్య కేసులో ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో జడ్జి రాయాలి. 1955లో ఆ నిబంధన తీసేశారు. 1973 కోడ్ ఆ లెక్కను తిరగేసింది: ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలి. లా కమిషన్ 48వ నివేదిక సూచన మేరకు 235(2) సెక్షన్ కూడా అదే కోడ్‌లో వచ్చింది. నేరం రుజువయ్యాక శిక్ష ఎంతన్నదానిపై ముద్దాయి చెప్పేది విడిగా వినాలన్నది దాని సారం. 1976లో సంతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ విచారణ జరపకపోవడాన్ని చిన్న లోపంగా తీసుకోలేదు, శిక్ష సంగతి తేల్చమని కేసును తిరిగి సెషన్స్ కోర్టుకు పంపింది.

కాగితం మీద ఇది గొప్ప మార్పు. ఆచరణలో చాలా కోర్టుల్లో దోషి అని తేల్చిన పూటే శిక్ష మాటా అయిపోతుంది. ‘చిన్న వయసు, ముసలి తల్లిదండ్రులున్నారు, మొదటి నేరం, దయ చూపండి’ అని డిఫెన్స్ లాయరు అంటారు. ‘గట్టి శిక్ష పడాలి’ అని పీపీ (ప్రభుత్వ లాయరు) అంటారు. ఆ మనిషి చదువేమిటో, మానసిక స్థితి ఏమిటో, మారే అవకాశం ఉందో లేదో చెప్పే నివేదిక జడ్జి బల్ల మీద ఉండదు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ వివరాలు సేకరించాలని విచారణ కోర్టులకు చెప్పింది, అదీ ఉరి కేసుల వరకే.

అసలు కొలమానం సాధ్యమా అన్న ప్రశ్నకు మన సుప్రీంకోర్టు 1972లో జగ్‌మోహన్ సింగ్ కేసులో సాధ్యం కాదనే చెప్పింది. ఇంత నేరానికి ఇంత శిక్ష అని ముందే గీత గీయలేమని, జడ్జి విచక్షణ తప్పితే పై కోర్టు దిద్దుతుందని భరోసా ఇచ్చింది. 1980లో బచన్ సింగ్ తీర్పు నలుగురు ఒకవైపు, జస్టిస్ భగవతి ఒక్కరు ఒకవైపుగా వచ్చింది. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి అన్న సూత్రం అక్కడిదే. జాబితాగా బిగించడానికి మాత్రం ఆ ధర్మాసనమూ ఒప్పుకోలేదు. శిక్ష బెంచ్‌ను బట్టి మారుతోందని భగవతి తన అసమ్మతి తీర్పులో రాశారు. ఆ మాట సరైందనడానికి హర్బన్స్ సింగ్ కేసు ఒక్కటి చాలు.

అమెరికాలో ఇదే అనుమానం వచ్చినప్పుడు వాళ్లు ముందు కొలిచి చూశారు. 1974లో న్యూయార్క్ ప్రాంతపు ఫెడరల్ కోర్టుల్లో 50 మంది జడ్జీలకు ఒకే రకం ఫైళ్లు ఇచ్చి, మీరైతే ఎంత వేస్తారని అడిగారు. బెదిరించి డబ్బు గుంజిన ఒక కేసులో ఒకరు మూడేళ్లు అన్నారు, మరొకరు 20 ఏళ్లతో పాటు 65,000 డాలర్ల జరిమానా అన్నారు. జడ్జి మార్విన్ ఫ్రాంకెల్ అప్పటికే శిక్షల కమిషన్ కావాలని వాదిస్తున్నారు. మిన్నెసోటా రాష్ట్రం 1978లో కమిషన్ వేసి 1980 మే 1 నుంచి మార్గదర్శకాలు అమలు చేసింది. ఒకవైపు నేర తీవ్రత, మరోవైపు పాత నేర చరిత్ర, రెండూ కలిసే గడిలో శిక్ష. ఆ గడులు నింపేటప్పుడు తమ జైళ్లలో ఎంతమంది పడతారో కూడా లెక్కగట్టారు. అది ఆర్థిక శాఖ గొడవలా కనిపించవచ్చు, కానీ కిక్కిరిసిన జైలే శిక్షను మరింత క్రూరంగా మారుస్తుంది. సలహాదారులు మరవకూడని పాఠం ఇది.

ఫెడరల్ ప్రభుత్వం ఆ జాగ్రత్త పాటించలేదు. 1984 చట్టంతో కమిషన్ వచ్చింది, పదివేలకు పైగా పాత కేసులను పరిశీలించారు, 1987 నవంబరు 1 నుంచి 43 తీవ్రత స్థాయిలు, ఆరు చరిత్ర వర్గాలతో 258 గడుల పట్టిక అమలైంది. పెరోల్ పోయింది, పట్టిక దాటే వీలు జడ్జికి దాదాపు లేకుండా పోయింది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. 1986 మాదకద్రవ్యాల చట్టం ఐదు గ్రాముల క్రాక్‌ను (గడ్డ రూపంలో ఉండే కొకైన్) 500 గ్రాముల పొడి కొకైన్‌తో సమానంగా చూసి ఐదేళ్ల కనిష్ఠ శిక్ష పెట్టింది. పట్టిక ఆ నిష్పత్తినే తీసుకుంది. క్రాక్ కేసుల్లో పట్టుబడినవాళ్లు ఎక్కువగా నల్లజాతివాళ్లు కావడంతో, అందరికీ సమానమని చెప్పిన పట్టికే జాతి వివక్షకు సాధనమైంది. అది తప్పని కమిషన్ స్వయంగా చెప్పినా, నిష్పత్తి 100 నుంచి 18కి తగ్గడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోపు 2005లో బుకర్ కేసులో సుప్రీంకోర్టు పట్టికను సలహా స్థాయికి దించింది. ఆ కేసులో పరిష్కారం రాసిన జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్, మొదట పట్టిక తయారు చేసిన కమిషన్‌లో సభ్యుడు.

ఇంగ్లండ్ పట్టిక జోలికి పోలేదు. అప్పీలు కోర్టు మార్గదర్శక తీర్పుల నుంచి 1999లో సలహా మండలికి, ఆపై మార్గదర్శకాల కౌన్సిల్‌కు, చివరికి 2010లో ఇప్పటి సెంటెన్సింగ్ కౌన్సిల్‌కు మెల్లగా వచ్చింది. అందులో 14 మంది సభ్యుల్లో ఎనిమిది మంది న్యాయవ్యవస్థ నుంచి వచ్చినవాళ్లు. దోషి తప్పు ఎంత, జరిగిన హాని ఎంత అన్న రెండు ప్రశ్నలతో జడ్జి మెట్టు మెట్టుగా వెళ్తారు. న్యాయం కోసం అవసరమైతే పక్కకు తొలగొచ్చు. ప్రతి కొత్త మార్గదర్శకం జైళ్ల మీద, ప్రొబేషన్ (జైలు బయట ఉంచి పర్యవేక్షించడం) మీద ఎంత భారం వేస్తుందో కౌన్సిల్ అంచనా ప్రచురించాలి. అక్కడా రాజకీయం తప్పలేదు. శిక్షకు ముందు నివేదిక ఎవరికి తెప్పించాలన్న మార్గదర్శకంలో మైనారిటీ జాతుల ప్రస్తావన 2025లో పెద్ద దుమారం రేపి, అమలుకు ఒక్క రోజు ముందు ఆగింది. పార్లమెంటు దానికోసం ఏకంగా చట్టమే చేసింది.

మన దగ్గర 2003లో జస్టిస్ మలిమత్ కమిటీ మార్గదర్శకాల కోసం చట్టబద్ధమైన కమిటీ కావాలంది. కొన్నేళ్లకే మాధవ మీనన్ కమిటీ అదే చెప్పింది. 2008లో ప్రేమ్ సాగర్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు లేని లోటును ఎత్తి చూపింది. సోమన్ కేసులో, నేర న్యాయానికి గుండెకాయ లాంటి శిక్షా నిర్ణయమే మన దేశంలో అన్నిటికంటే బలహీనంగా ఉందని వాపోయింది. 2024 మేలో సునీతా దేవి కేసులో జస్టిస్ సుందరేశ్, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి సమగ్ర శిక్షా విధానం సంగతి పరిశీలించి ఆరు నెలల్లో అఫిడవిట్ వేయమని కేంద్రానికి చెప్పారు.

ఇన్నిసార్లు అడిగినా విషయం కదలకపోవడానికి ప్రభుత్వాల నిర్లక్ష్యం ఒక్కటే కారణమని నేననుకోను. మన దగ్గర ముడిసరుకే లేదు. ఎంతమందికి నేరం రుజువైందో ఏటా లెక్క వస్తుంది. ఒక సెక్షన్ కింద ఏ కోర్టు ఎంత వేసింది, ఏ కారణంతో వేసింది అన్నది తీర్పు కాగితాల్లోనే ఉండిపోతుంది. కాబట్టి సలహాదారు మొదట చేయాల్సింది పట్టిక గీయడం కాదు. వేల తీర్పులు ముందు పెట్టుకుని సెక్షన్, ఆయుధం, గాయం, ముద్దాయి వయసు, పాత కేసులు, పడిన శిక్ష అంటూ ఒక్కొక్కటిగా రాసుకోవడం. విసుగెత్తించే పనే. దాన్ని దాటేసి తెచ్చే మార్గదర్శకం ఇప్పటి పక్షపాతాలనే అంకెల రూపంలో స్థిరపరుస్తుంది.

తొందర ఎందుకో చెప్పడానికి కొత్త చట్టంలోనే ఉదాహరణ ఉంది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత ఆరు నేరాలకు సమాజ సేవను శిక్షగా తెచ్చింది. ఐదు వేల రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి, దాన్ని తిరిగిచ్చినవాడికి జైలు బదులు అదే శిక్ష. నాకు నచ్చిన మార్పు ఇది. అయితే సమాజానికి మేలు చేసే, జీతం లేని పని అన్నంత వరకే నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చినది) నిర్వచనం చెబుతుంది. ఎన్ని గంటలో చెప్పదు. ఒక మేజిస్ట్రేట్ రెండు రోజులు అనొచ్చు, పక్క ఊళ్లో మరొకరు రెండు నెలలు అనొచ్చు. మెకాలే కనీసం ‘వరకు’ అని ఒక హద్దయినా రాశాడు. ఇక్కడ ఆ మాట కూడా లేదు.