ఉత్తుత్తి కాయిల్ బయటపెట్టిన సంగతి

విశాఖలో పార్కిన్సన్ రోగులున్న ఇళ్లలో టీఎంఎస్ మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. తల మీద కాయిల్ అనే తీగచుట్ట పెట్టి, అయస్కాంత శక్తితో మెదడుని తట్టే వైద్యం ఇది. కాయిల్ పెట్టకముందు గడగడా వణికిన చెయ్యి, పెట్టాక గ్లాసు నిలకడగా పట్టుకున్న చెయ్యి. ఇలాంటి వీడియోలు వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయి. కోత లేదు, మత్తు లేదు, ఇన్ని సిట్టింగులకి ఇంత అని ప్యాకేజీ. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి కూడా పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వస్తున్నారు. ఇంకా రుజువు కాని వైద్యాన్ని అమ్ముతున్నారని కొందరు న్యూరాలజిస్టులు అంటున్నారు. కళ్లెదుట గుణం కనిపిస్తుంటే ఇంకా రుజువేమిటని సెంటర్లవాళ్లు అడుగుతున్నారు.

పార్కిన్సన్‌కి వాడే లెవోడోపా మాత్రలు ఎలా వచ్చాయి, కొన్నేళ్లు వాడాక వాటి పట్టు ఎందుకు సడలుతుంది, మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్ ఆపరేషన్ అందరికీ ఎందుకు అందదు అన్నవి ఈ జబ్బున్న ఇంట్లో అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ఇప్పటి తగువు అర్థం కావాలంటే 2001కీ 2006కీ మధ్య జరిగింది తెలియాలి.

దానికి ముందు యంత్రం గురించి రెండు ముక్కలు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద తీగచుట్ట ఉంచి, అందులోకి ఒక్క క్షణం పెద్ద కరెంటు వదిలింది. ఆ కరెంటు పుట్టించిన అయస్కాంత క్షేత్రం పుర్రె దాటి లోపలికి వెళ్లి మెదడు పైపొరని తట్టింది. మనిషి చెయ్యి దానంతటదే కదిలింది, నొప్పి లేదు. అంతకు ఐదేళ్ల ముందు లండన్‌లో ఇదే పని నేరుగా కరెంటుతో చేశారు కానీ అది బాగా నొప్పి పెట్టేది. బార్కర్ పద్ధతికి ఒక హద్దు మాత్రం ఉంది. మామూలు కాయిల్ ప్రభావం రెండు మూడు సెంటీమీటర్ల లోతుతో ఆగిపోతుంది. పార్కిన్సన్‌లో, కదలికలకి కావాల్సిన డోపమైన్ అనే రసాయనం తగ్గిపోయే చోటు మెదడులో చాలా లోపల ఉంటుంది. అందుకే పైపొరని తడితే, దానితో అల్లుకుని ఉన్న లోపలి భాగాలు కూడా స్పందిస్తాయన్న ఆశ మీదే ఈ వైద్యమంతా నడుస్తోంది.

ఆ ఆశ మొదట్లోనే ఒకసారి తడబడింది. 1994లో అల్వారో పాస్కువల్ లియోన్, సహచరులు, మెదడు పైపొరలో కదలికలని నడిపే మోటార్ కార్టెక్స్ మీద టీఎంఎస్ ఇస్తుంటే పార్కిన్సన్ రోగుల చేతులు చురుగ్గా కదిలాయని రాశారు. 1999లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. రాలేదని ప్రకటించినవాళ్లలో మార్క్ హాలెట్ ఒకరు. 1994 వ్యాసం రాసినవాళ్లలోనూ ఆయన ఉన్నారు. తన పేరున్న ఫలితాన్ని తనే పరీక్షించి నిలబడలేదని చెప్పిన ఆ నిజాయతీని నేను ఎంతో గౌరవిస్తాను.

ఇక 2001. ఆ ఏడాది ఆంటోనియో స్ట్రాఫెల్లా బృందం ఆరోగ్యవంతుల తలకి ముందువైపు టీఎంఎస్ ఇచ్చి పెట్ స్కాన్ తీసింది. మెదడు లోపలి కాడేట్ అనే భాగంలో డోపమైన్ విడుదల కనిపించింది. పైన తడితే లోపల పలికిందన్నమాట. పార్కిన్సన్ కోసం పనిచేస్తున్నవాళ్లకి ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది? అయితే అదే ఏడాది కెనడాలోని వాంకూవర్ నుంచి మరో పరిశోధన వచ్చింది. పార్కిన్సన్ రోగులకి మందు అని చెప్పి ఉత్త సెలైన్ ఎక్కించి స్కాన్ తీస్తే, వాళ్ల మెదడులోనూ డోపమైన్ విడుదలైంది. బాగవుతామన్న నమ్మకం ఒక్కటే ఆ పని చేసింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, డోపమైన్‌ని విడుదల చేసేది కాయిలా, నమ్మకమా అన్న ప్రశ్న వస్తుంది. దానికి 2006లో స్ట్రాఫెల్లా బృందమే జవాబు వెతికింది. పార్కిన్సన్ రోగులకి ఈసారి ఉత్తుత్తి కాయిల్ పెట్టారు. చూడటానికి అసలుదానిలాగే ఉంటుంది, టక్కుటక్కుమని చప్పుడూ చేస్తుంది, మెదడుని మాత్రం తాకదు. వైద్యం జరుగుతోందనే రోగులు అనుకున్నారు. స్కాన్‌లో రెండువైపులా డోపమైన్ విడుదల కనిపించింది.

ఈ వివాదాన్ని నేను ఈ ప్రయోగం దగ్గర నుంచే చూస్తాను. మిగతా చాలా జబ్బుల్లో నమ్మకం వల్ల వచ్చే గుణాన్ని పక్కకి నెట్టేయొచ్చు. పార్కిన్సన్‌లో అది కుదరదు, ఎందుకంటే ఇక్కడ నమ్మకం విడుదల చేసేది సరిగ్గా రోగికి కరువైన ఆ డోపమైన్‌నే. కాబట్టి వీడియోలో చెయ్యి నిలబడటం అబద్ధం కాదు, రోగి నటించడమూ లేదు. ఆ గుణం కాయిల్ వల్ల వచ్చిందో, కాయిల్ మీద పెట్టుకున్న ఆశ వల్ల వచ్చిందో ఆ వీడియో చూసి చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు. పైగా మాత్ర పనిచేసే వేళ, దాని పట్టు తగ్గే వేళ అని ఈ రోగి రోజులో ఎన్నోసార్లు మారుతుంటాడు. మొదటి వీడియో మాత్రకి ముందు, రెండోది మాత్ర వేసుకున్న గంటకి తీస్తే కాయిల్ అక్కర్లేకుండానే తేడా వస్తుంది.

మా పెదనాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఈ ఊళ్లోనే ఒక సెంటర్‌లో సిట్టింగులు తీసుకున్నారు. మూడో రోజు ఇంటికి వచ్చి, "ఇవాళ చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నానురా" అని మెరిసే కళ్లతో చూపించారు. ఆ గుండీలు నిజం. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ పెద్దమ్మే పెట్టాల్సి వచ్చింది. ఇంకో ప్యాకేజీ తీసుకుంటే నిలబడుతుందని సెంటర్‌లో చెప్పారు, తీసుకున్నారు. మాత్రలు తగ్గించేసుకోవచ్చని కూడా అన్నారట. అది విన్నాక మా అందరికీ టెన్షన్ పట్టుకుంది. లెవోడోపా ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు కొయ్యబారి, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్ల న్యూరాలజిస్టు గట్టిగా చెప్పబట్టి ఆయన మానలేదు.

డబ్బు సంగతిలో 2015 నాటి ఒక ప్రయోగం చెప్పాలి. అమెరికాలోని సిన్సినాటిలో అల్బెర్టో ఎస్పే బృందం 12 మంది పార్కిన్సన్ రోగులకి రెండు ఇంజెక్షన్లు ఇచ్చింది. ఒకటి 100 డాలర్ల మందనీ, ఇంకోటి 1500 డాలర్ల మందనీ చెప్పారు. రెండూ సెలైనే. ఖరీదైనదని చెప్పిన ఇంజెక్షన్ తర్వాత కదలికలు ఎక్కువ మెరుగయ్యాయి. ధర పెరిగితే నమ్మకం పెరుగుతుంది, నమ్మకం పెరిగితే గుణమూ పెరుగుతుంది. పొలం తాకట్టు పెట్టి ప్యాకేజీ కట్టినవాళ్లకి గుణం కనిపించకపోతేనే ఆశ్చర్యం.

అటువైపు వాదనలోనూ బలం ఉంది. 2016లో అచ్చయిన ఒక పరీక్షలో 61 మంది రోగులని తీసుకుని, కొందరికి అసలు కాయిల్, కొందరికి ఉత్తుత్తి కాయిల్ పెట్టారు. రెండువైపులా మోటార్ కార్టెక్స్ మీద టీఎంఎస్ తీసుకున్నవాళ్ల కదలికలు ఉత్తుత్తివాళ్లకన్నా మెరుగయ్యాయి. 2020లో యూరప్ నిపుణులు ఆధారాలన్నీ తూచి, పార్కిన్సన్ కదలికల విషయంలో దీనికి రెండో మెట్టు ఇచ్చారు. 'బహుశా పనిచేస్తుంది' అని దాని అర్థం. మొదటి మెట్టు డిప్రెషన్, నరాల నొప్పి లాంటి వాటికే దక్కింది. కండరాలు మెలితిరిగే డిస్టోనియా, పార్కిన్సన్ కాని మరో వణుకు జబ్బు ఎసెన్షియల్ ట్రెమర్ ఆ రెండో మెట్టుకైనా చేరలేదు. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కూడా 2008లో డిప్రెషన్‌కీ, 2018లో ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే ఓసీడీకీ అనుమతి ఇచ్చింది కానీ పార్కిన్సన్‌కి ఇవ్వలేదు. యంత్రం ఒక్కటే కావడంతో డిప్రెషన్‌కి వచ్చిన పేరు వణుకు ఖాతాలో పడిపోతోంది. మెదడుని తట్టే వైద్యం కాబట్టి, అరుదుగానైనా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లని ముందే వడపోయాలి.

'బహుశా' అన్న దశలో ఉన్నదాన్ని జనానికి ఇవ్వడానికి ఒక దారి ఉంది. అది పరిశోధన. కొన్ని సెంటర్లు కూడా, పరిశోధనలో భాగంగానే చేస్తున్నామని చెబుతున్నాయి. అయితే పరిశోధనకి నియమాలున్నాయి. దేశంలో వైద్య పరిశోధనల వ్యవహారాలు చూసే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం అయ్యే ఖర్చు రోగి చేత కట్టించకూడదు. మనుషుల మీద చేసే క్లినికల్ పరీక్షలని సీటీఆర్‌ఐ అనే దేశవ్యాప్త జాబితాలో ముందే నమోదు చేయాలన్న నియమం 2009 నుంచి ఉంది. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పరిశోధన కాదు, వైద్యమే అంటారా, అప్పుడు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని జబ్బుల జాబితాలో మెదడు జబ్బులూ ఉన్నాయి. ఆ చట్టంలో 'డ్రగ్' అన్న మాటకి ఇచ్చిన అర్థం మాత్రలతో ఆగదు, శరీరం పనితీరుని మార్చడానికి ఉద్దేశించిన వస్తువులకీ వర్తిస్తుంది.

అసలు కాయిల్‌నీ ఉత్తుత్తి కాయిల్‌నీ పోల్చే పరీక్ష మన దగ్గర చేయలేనిదీ కాదు. 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, పక్కనే కేజీహెచ్ ఆసుపత్రి ఉంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచీ, ఒడిశా నుంచీ వచ్చే రోగులు అక్కడి ఓపీలో పొద్దున్నే బారులు తీరి ఉంటారు. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. అసలు కాయిల్ ఒకటి, ఉత్తుత్తి కాయిల్ ఒకటి, ఎవరికి ఏది పెట్టారో తెలియకుండా కదలికలు కొలిచే డాక్టర్లు, రోగి దగ్గర పైసా తీసుకోకుండా కొన్ని నెలలు. ఈలోగా సిట్టింగులకి వెళ్దామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు, పరిశోధన అంటున్నారు కదా, సీటీఆర్‌ఐ నంబరు ఎంత అని కౌంటర్ దగ్గర అడగాలి.

మా పెదనాన్న బిల్లులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో దాచుకున్నారు. మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని మొదటి కాగితం నుంచి చివరిదాకా తిరగేశాం. ఆ నంబరు ఒక్కదాని మీదా లేదు.